పోపులడబ్బాలో షేర్లు: ఎంతకాలం ఉంచుకోవాలి, ఎప్పుడు అమ్మాలి

రాబర్ట్ కర్బీ అనే అమెరికన్ మదుపు నిర్వాహకుడు 1984లో ‘జర్నల్ ఆఫ్ పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్’ అనే పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. 1950ల మధ్యనుంచి దాదాపు పదేళ్ళపాటు ఆయన ఒక మహిళ ఆస్తి వ్యవహారాలు చూశాడు. ఏ షేరు కొనాలో, ఏది ఎప్పుడు అమ్మాలో ఆమెకు సలహా ఇచ్చేవాడు. ఆమె భర్త హఠాత్తుగా మరణించాడు. భర్త పేరన ఉన్న షేర్లను కూడా ఆమె కర్బీకి అప్పగించినప్పుడు ఒక గుట్టు బయటపడింది. భార్యకు అందిన సలహాలనే ఆ భర్త కూడా వాడుకున్నాడు, అయితే సగమే. కొనమన్న ప్రతి షేరులోనూ సుమారు 5,000 డాలర్లు పెట్టి, ఆ కాగితాలను బ్యాంకు లాకరులో పడేశాడు. అమ్మమన్న సలహాల జోలికి అసలు పోలేదు.

ఆ లాకరులో ఉన్నవి చిత్రమైన షేర్లు. చాలా వాటి విలువ 2,000 డాలర్లకన్నా తక్కువకు పడిపోయింది. కొన్ని లక్ష డాలర్లు దాటాయి. ఒక్క కంపెనీ షేర్ల విలువ మాత్రం 8 లక్షల డాలర్ల పైచిలుకు. కర్బీ ఎంతో జాగ్రత్తగా కొంటూ అమ్ముతూ నడిపించిన భార్య ఆస్తి మొత్తం కలిపినా అంత లేదు. ఆ కంపెనీ పేరు హాలాయిడ్. తరవాత అదే జిరాక్స్ అయింది. తెలుగు ఊళ్ళలో వీధికొక ‘జిరాక్స్ షాపు’కు పేరునిచ్చిన కంపెనీ అదే.

విలువైన వస్తువులను పాతకాలపు అమెరికన్లు కాఫీ డబ్బాలో పెట్టి పరుపు కింద దాచేవారట. ఆ జ్ఞాపకంతో కర్బీ ఈ పద్ధతికి ‘కాఫీ డబ్బా’ అని పేరు పెట్టాడు. తెలుగు ఇళ్ళలో ఆ పని పోపులడబ్బా చేసింది. ఆవాల అడుగునో, మెంతుల అడుగునో చేరిన నోటు జోలికి ఎవరూ వెళ్ళరు, రోజూ దాన్ని లెక్కపెట్టరు. డబ్బా గొప్పతనమంతా ఆ పట్టించుకోకపోవడంలోనే ఉంది.

కొన్న షేరును అమ్మకూడదనేవారు ఇప్పటికీ ఈ కథనే చెప్తారు. వైద్య పత్రికల భాషలో చెప్పాలంటే ఇది ఒకే ఒక్క రోగి కథ. అలాంటి కథలోంచి మంచి ప్రశ్న పుట్టవచ్చు కాని, దాన్నిబట్టి అందరికీ ఒకే మందు రాయకూడదు. పైగా ఈ కథ ఆగిన చోటును కూడా చూడాలి. భర్త మరణంతో లాకరు తెరుచుకున్నది 1960లలో, జిరాక్స్ వెలిగిపోతున్న రోజులలో. అదే డబ్బాను మరికొన్నాళ్ళు మూసి ఉంచితే? 1973-74 పతనంలో జిరాక్స్ షేరు 71 శాతం పడింది. ఆ రోజులలో ఒకసారి కొంటే ఇక అమ్మనక్కరలేదని పేరుపొందిన కంపెనీలలోనే మరొకటైన పోలరాయిడ్ 91 శాతం పడింది. పోలరాయిడ్ 2001లో దివాలా తీసింది. జిరాక్స్ దివాలా తీయలేదు కాని, 2002లో లెక్కల తారుమారు ఆరోపణలపై కోటి డాలర్ల జరిమానా కట్టింది.

ఒక్క కథ సరిపోదు కనుక పెద్ద లెక్క ఒకటి చూడవచ్చు. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన హెండ్రిక్ బెసెంబైండర్ 2018లో ప్రచురించిన పరిశోధన 1926 నుంచి 2016 దాకా అమెరికన్ మార్కెట్లలో నమోదైన దాదాపు 26,000 షేర్ల జాతకాలను పరిశీలించింది. ప్రభుత్వానికి నెలరోజులకు అప్పిస్తే వచ్చే వడ్డీకన్నా తమ జీవితకాలంలో ఎక్కువ సంపాదించి పెట్టిన షేర్లు వాటిలో 42.6 శాతమే. సగంకన్నా ఎక్కువ షేర్లు ఆ పాటి వడ్డీని కూడా అందుకోలేదు. అన్నిటికన్నా తరచుగా కనిపించిన ఫలితం, పెట్టిన సొమ్ము పూర్తిగా పోవడం. ఆ 90 ఏళ్ళలో మార్కెట్టు సృష్టించిన నికర సంపద సుమారు 35 లక్షల కోట్ల డాలర్లు. అదంతా 4 శాతం కంపెనీల పుణ్యం. మిగిలిన 96 శాతం కంపెనీలు కలిసి ఆ ప్రభుత్వ వడ్డీపాటి రాబడితో సరిపెట్టాయి.

ఆ లాకరులో కనిపించిన ఆకారమే ఈ లెక్కలోనూ కనిపిస్తోంది. షేరు పడితే పోయేది పెట్టిన సొమ్ము మాత్రమే, అంతకు మించి పోదు. పెరిగితే ఇంతేనన్న హద్దు లేదు. ఒకరు 20 కంపెనీలలో తలా 5,000 చొప్పున లక్ష డాలర్లు పెట్టారనుకుందాం. ఇరవై ఏళ్ళకు 19 కంపెనీలు ఎదుగూబొదుగూ లేకుండా పెట్టిన సొమ్ము దగ్గరే ఉన్నాయి. ఒక్కటి వంద రెట్లయింది. చేతిలో ఉన్నది 5,95,000 డాలర్లు. అదే మనిషి, రెట్టింపైంది కదా చాలని, ఆ ఒక్కదాన్నీ తొలిదశలోనే 10,000కు అమ్మి ఆ సొమ్మును ఇంట్లో ఉంచుకుని ఉంటే మిగిలేది 1,05,000. పనికిరాని షేరును వదలకుండా చివరిదాకా పట్టుకుని ఉన్నందుకు పడే శిక్ష 5,000. ఎదిగే షేరును తొందరపడి అమ్మినందుకు పడే శిక్ష 4,90,000. దీర్ఘకాలం ఉంచుకోవాలనే మాట వెనక ఉన్న అసలు బలం ఈ అసమానతే తప్ప ఓపికపట్టిన వాళ్ళకు మార్కెట్టు ఇచ్చే బహుమానమేదో కాదు. ఏది వంద రెట్లవుతుందో ముందుగా తెలియదు కనుక, కొన్నవాటిలో ఏ ఒక్కటైనా ఆ నాలుగు శాతంలో ఉంటే దాన్ని పోగొట్టుకోకుండా ఉండడమే పని. ఈ లెక్క ఇరవై సమాన భాగాలకు వర్తిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆస్తిలో ముప్పాతిక ఒకే కంపెనీలో ఉన్నవారి సంగతి వేరు. అది తరవాత.

అయితే మనుషులు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. హెర్ష్ షెఫ్రిన్, మైర్ స్టాట్‌మన్ 1985లో దీన్ని ఒక మానసిక ధోరణిగా గుర్తించారు. టెరెన్స్ ఓడీన్ 1998లో ఒక బ్రోకరేజి సంస్థకు చెందిన 10,000 ఖాతాలను తీసుకుని దాన్ని కొలిచి చూపించాడు. అమ్మకానికి వీలున్న లాభాల షేర్లలో 14.8 శాతాన్ని ఖాతాదారులు అమ్మితే, నష్టాల షేర్లలో 9.8 శాతాన్నే అమ్మారు. వారు అమ్మేసిన లాభాల షేర్లు తరవాతి ఏడాదిలో, వారు అట్టిపెట్టుకున్న నష్టాల షేర్లకన్నా సగటున 3.4 శాతం ఎక్కువ రాబడినిచ్చాయి. పాడిగేదెను సంతకు తోలి, వట్టిపోయినదాన్ని ఇంట్లో మేపడం అంటే ఇదే. డిసెంబరు నెలలో మాత్రం ఈ ధోరణి తిరగబడింది, ఆదాయపు పన్ను లెక్కల కోసం నష్టాలను నమోదు చేసుకోవలసిన నెల కనుక. నష్టాన్ని ఒప్పుకోవడానికి మనిషికి బయటినుంచి ఒక సాకు దొరకాలి కాబోలు!

కారణం ఊహించడం కష్టం కాదు. కొన్న ధర మనసులో గీతలా పడిపోతుంది. దానికి పైనుంటే గెలుపు, కిందుంటే ఓటమి. అమ్మనంతవరకు ఓటమి ఖాయం కాదు. ‘కొన్న ధర వస్తే చాలు, ఇచ్చేస్తా’ అనే మాట తెలుగువారి విందులలో స్థలాల గురించీ వినిపిస్తుంది, షేర్ల గురించీ వినిపిస్తుంది. కంపెనీకి ఆ ధర సంగతే తెలియదు. ఒకరు 40కి, మరొకరు 140కి కొన్న షేరు ఇవాళ 90 దగ్గర ఉంటే, రేపటినుంచి ఇద్దరికీ జరిగేది ఒకటే. పన్ను లెక్కలో తప్ప కొన్న ధరకు మరెక్కడా చోటు లేదు.

ఇది చేయితిరగనివారి జబ్బు మాత్రమే కాదు. సగటున 50 కోట్ల డాలర్లకు పైగా నడిపించే నిపుణుల పోర్ట్‌ఫోలియోలు దాదాపు 780 తీసుకుని అలెక్స్ ఇమాస్, లారెన్స్ ష్మిట్ తదితరులు చేసిన పరిశోధన ఒకటి ఉంది. కొనడంలో ఆ నిపుణులు నిజంగానే దిట్టలని తేలింది. అమ్మడంలో మాత్రం, ఉన్నవాటిలోంచి కళ్ళు మూసుకుని ఏదో ఒకటి అమ్మినా వచ్చే ఫలితంకన్నా వెనకబడ్డారు. కొనేముందు నెలల తరబడి చదువుతారు. అమ్మేటప్పుడు బాగా పెరిగిందో, బాగా పడిందో, కంటికి కొట్టొచ్చినట్లు కనిపించిన షేరును పట్టుకుంటారు. అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. కంపెనీలు తమ ఆదాయ వివరాలు ప్రకటించే రోజులలో చేసిన అమ్మకాలు అంత చెడ్డగా లేవు. ఆ రోజున వారి ముందు ధర ఒక్కటే కాక కంపెనీ గురించిన కొత్త సమాచారం కూడా ఉంది. నాడి ఒక్కటే చూసి మందు ఆపడానికీ, రక్తపరీక్ష ఫలితం చూసి ఆపడానికీ ఉన్నంత తేడా అది.

ధర పడటాన్నే అమ్మకానికి కారణంగా తీసుకోవచ్చా? అమెజాన్ షేరు 1999 డిసెంబరులో 100 డాలర్లు దాటి, 2001లో 6 డాలర్లకు దిగింది. అదే కాలంలో కంపెనీ అమ్మకాలు ఏడాదికి 164 కోట్ల డాలర్లనుంచి 312 కోట్లకు పెరిగాయి. పడింది ధర, వ్యాపారం కాదు. సిస్కో సంగతి చూస్తే ఇంత సులువుగా తేలదు. 2000 మార్చిలో అది కొద్దికాలం ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ. 80 డాలర్ల షేరు 2002లో 10 డాలర్లకు దిగువకు వెళ్ళింది. కంపెనీ చెడిపోలేదు, అమ్మకాలు తరవాతి రెండు దశాబ్దాలలో దాదాపు మూడింతలయ్యాయి. అయినా ఆ 80ని మళ్ళీ చూడడానికి 2025 డిసెంబరు దాకా పట్టింది. సిస్కోలో తప్పంతా కొన్న రోజున చెల్లించిన వెలలో ఉంది. ఏడాది సంపాదనకు వందరెట్లకు మించి చెల్లిస్తే మంచి కంపెనీ కూడా ఆ బాకీ తీర్చడానికి ఒక తరం తీసుకుంటుంది. మరీ ఎక్కువ వెల పలుకుతోందని అమ్మడం న్యాయమైన కారణమే కాని, ఉన్న కారణాలన్నిటిలోకీ నమ్మదగనిది కూడా అదే. అమెజాన్ కూడా ఏళ్ళ తరబడి అలా ‘మరీ ఎక్కువ’గానే కనిపించింది.

ధరకూ నమ్మకానికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి తెలుగువారికి సత్యంకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ యాజమాన్యం, తమ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. మదుపరులు గగ్గోలు పెడితే కొన్ని గంటలలోనే ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. సుమారు 226 రూపాయల షేరు మర్నాడు 158 చుట్టుపక్కలకు దిగింది. ఆ తరవాత మూడు వారాల వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలో ప్రపంచ బ్యాంకు సత్యాన్ని తన కాంట్రాక్టులకు అనర్హమని తేల్చిన సంగతి బయటకు వచ్చింది. స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు. ఇదంతా పత్రికలలో వచ్చినదే, ఎవరికీ రహస్యం కాదు. అయినా షేరు ధర మెల్లగా పెరిగి జనవరి 6న 179కి చేరింది. 226 మళ్ళీ వస్తే అమ్ముదామని కూర్చున్నవారికి అది శుభశకునంలా కనిపించి ఉంటుంది. 7వ తేదీ ఉదయం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. ఆ రోజు షేరు సుమారు 40 రూపాయల దగ్గర ఆగింది. 

లెక్కలు ఏళ్ళ తరబడి తారుమారయ్యాయని డిసెంబరు 16న ఎవరికీ తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. కాని వాటాదారుల సొమ్ముతో యాజమాన్యం తన కుటుంబ కంపెనీలను కొనబోయిందని ఆ రోజే అందరికీ తెలిసింది. అమ్మడానికి ఆ ఒక్క కారణం చాలు, 158కి కూడా.

కాలిఫోర్నియాకు చెందిన ఫిలిప్ ఫిషర్ 1958లో వెలువరించిన పుస్తకంలో షేరు అమ్మడానికి మూడే కారణాలను ఒప్పుకున్నాడు: కొన్నప్పుడు వేసిన అంచనాయే తప్పని తేలడం, కంపెనీ మునుపటిలా లేకపోవడం, అంతకన్నా స్పష్టంగా మెరుగైన అవకాశం కనిపించడం. మూడోదాన్ని అరుదుగా వాడాలని హెచ్చరించాడు కూడా. 1955లో కొన్న మోటొరోలా షేర్లను ఆయన 2004లో చనిపోయేదాకా అమ్మలేదు. ఈ మూడు కారణాలలో ఏది వర్తించాలన్నా అసలు ఎందుకు కొన్నారో గుర్తుండాలి. చిక్కంతా అక్కడే. షేరు పడిన తరవాత, కొన్న కారణం మనసులో మెల్లగా రూపం మార్చుకుంటుంది. త్వరగా ఎదుగుతుందని కొన్న కంపెనీ ఎదగకపోతే, ‘డివిడెండు బాగానే ఇస్తోంది కదా’ అంటారు. జాగ్రత్తగల వైద్యులు మందు మొదలుపెట్టిన రోజునే అది ఎందుకో, ఏం కనిపిస్తే ఆపాలో కేసు షీటులో రాస్తారు. కొన్న రోజునే నాలుగు వాక్యాలు రాసిపెట్టుకుని, ఏడాదికొకసారి, వార్షిక నివేదిక వచ్చినప్పుడు, ధర చూడకముందే ఆ కాగితం తీసి చదవడం అలాంటి పనే. పోపులడబ్బాకు ఉన్న లోపమల్లా అందులో ఈ కాగితం లేకపోవడం. అంత ఓపిక లేనివారికి ఇండెక్స్ ఫండ్ ఉంది. ఎదిగేవాటిని ఎదగనిచ్చి, చితికినవాటిని జాబితాలోంచి తీసేసే పని అది ఏ భావావేశమూ లేకుండా చేస్తుంది. డౌ జోన్స్ సూచీ 2018లో జనరల్ ఎలక్ట్రిక్‌ను తొలగించింది. ఒక శతాబ్దానికి పైగా అందులో ఉన్న కంపెనీ అని మొహమాటపడలేదు.

ప్రవాసులలో చాలామందికి అసలు సమస్య వారు కొనుక్కున్న షేర్లతో కాదు, జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చిన షేర్లతో. ఆర్.ఎస్.యు.లుగా అందే ఈ షేర్లు చేతికి వచ్చిన రోజునే వాటి పూర్తి విలువ జీతంగా లెక్కకు వస్తుంది, పన్ను కూడా ఆ రోజే పడుతుంది. ఆ రోజు ధరే కొన్న ధర అవుతుంది. అందువల్ల వెంటనే అమ్మితే అదనంగా పడే పన్ను దాదాపు ఏమీ ఉండదు. ‘ఇప్పుడు అమ్మితే పన్ను పడుతుంది’ అని ఏళ్ళ తరబడి పోగేసేవారు ఈ సంగతి గమనించరు. వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: కంపెనీ ఇదే మొత్తాన్ని నగదుగా ఇచ్చి ఉంటే, ఆ నగదంతా పెట్టి ఇవాళ ఇదే షేరు కొనేవారా? కొనమని జవాబిచ్చేవారే ఎక్కువమంది. అయినా అమ్మరు. 

ఎన్రాన్ ఉద్యోగుల పదవీ విరమణ ఖాతాలలో 60 శాతానికి పైగా సొమ్ము ఎన్రాన్ షేర్లలోనే ఉండేది. కంపెనీ తన వంతుగా ఇచ్చిన షేర్లను 50 ఏళ్ళ వయసు వచ్చేదాకా అమ్ముకోనిచ్చేవారు కాదు. కాని మిగిలినవాటిని ఉద్యోగులు ఇష్టపడి కొన్నారు. 2001 జనవరిలో 80 డాలర్లున్న షేరు నవంబరు చివరికి ఒక డాలరుకు దిగువకు వెళ్ళింది. డిసెంబరు 2న కంపెనీ దివాలా తీసింది. జీతం, దాచుకున్న సొమ్ము ఒకే వారంలో పోయాయి. హెచ్-1బి వీసామీద ఉన్నవారికి ఈ ముడిలో మూడో పోగు కూడా ఉంది. ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు. కంపెనీలు ఉద్యోగులను తీసేసేది షేరు పడిన రోజులలోనే. అంటే దేశంలో ఉండే హక్కు, ఇంటి ఖర్చు, పొదుపు, మూడూ ఒకే తాడుకు వేలాడుతున్నాయి. ఇలాంటి షేరును అమ్మడానికి కంపెనీలో ఏ లోపమూ కనిపించనక్కరలేదు. అది ఎంత మంచి కంపెనీ అయినా, ఒక కుటుంబం ఆస్తిలో పదోవంతో అంతకన్నా తక్కువో ఉండవలసిన వస్తువు.

ఇక పన్ను. అమెరికాలో ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లాభంపై చాలామంది ఉద్యోగస్థులకు 15 శాతం, పెద్ద ఆదాయాలకు 20 శాతం ఫెడరల్ పన్ను పడుతుంది. దంపతుల ఆదాయం రెండున్నర లక్షల డాలర్లు దాటితే 3.8 శాతం అదనం. ఏడాది నిండకుండా అమ్మితే జీతంలాగే పన్ను. 20కి కొన్న షేరును 100కి అమ్మితే 18.8 శాతం లెక్కన ఫెడరల్ పన్ను సుమారు 15 డాలర్లు. షేరు 15 శాతం పడినా పోయేది అంతే. చెడిపోతున్న కంపెనీని పన్ను భయంతో పట్టుకుని ఉండేవారు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నష్టానికి అమ్మినప్పుడు, దానికి ముందూ వెనకా 30 రోజులలో అదే షేరు మళ్ళీ కొంటే ఆ నష్టాన్ని అప్పటికి లెక్కలోకి తీసుకోనివ్వరు. ఆ రోజులలో కంపెనీ ఇచ్చిన కొత్త ఆర్.ఎస్.యు.లు చేతికి వచ్చినా కొన్నట్లే లెక్క.

కర్బీ కథలోని భార్యకు దక్కిన ఒక సదుపాయం నేటికీ ఉంది. అమెరికాలో స్థిరపడినవారు మరణిస్తే, వారసులకు ఆ రోజు ధరే కొన్న ధరగా లెక్క, అంతవరకు పెరిగినదానిపై ఆదాయపు పన్ను ఉండదు. బాగా పెరిగిన షేరును వృద్ధులు అమ్మకుండా ఉంచుకోవడానికి ఇది గట్టి కారణమే. కాని గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో ఉంటూ అమెరికన్ షేర్లు కొన్నవారికీ, గ్రీన్ కార్డు రాకుండానే ఇండియాకు తిరిగి వెళ్ళి స్థిరపడినవారికీ ఇదే సలహా ప్రమాదం. అమెరికా పౌరులూ, అక్కడ స్థిరనివాసులూ కానివారు మరణించినప్పుడు వారి అమెరికన్ షేర్ల విలువ 60,000 డాలర్లు దాటితే, ఆ పైమొత్తంపై 40 శాతం దాకా వారసత్వపు పన్ను పడవచ్చు. ఈ పన్ను విషయంలో ఇండియాకు అమెరికాతో ఒప్పందం లేదు. పన్ను పడేది లాభం మీద కాదు, విలువ మొత్తం మీద. షేరు నష్టంలో ఉన్నా పడుతుంది. 

అలాంటివారికి అమ్మకానికి అనువైన సమయం కూడా ఉంది. ఎక్కువ కాలం విదేశంలో ఉండి ఇండియాకు తిరిగి వచ్చినవారు సాధారణంగా మొదటి రెండు మూడేళ్ళు ఆర్.ఎన్.ఓ.ఆర్. హోదాలో ఉంటారు. ఆ వ్యవధిలో విదేశంలో వచ్చిన లాభంపై ఇండియాలో పన్ను ఉండదు. అమెరికా పన్ను చట్టం దృష్టిలో అప్పటికి విదేశీయులైపోయినవారికి, షేర్లు అమ్మగా వచ్చిన లాభంపై మామూలుగా అక్కడా పన్ను ఉండదు. తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్లు కొనేముందే, రెండు దేశాల లెక్కలూ తెలిసిన పన్ను సలహాదారు దగ్గర కూర్చుని ఆ హోదా ఏ మార్చి 31తో ముగుస్తుందో రాసిపెట్టుకోవాలి. ఎక్కువమంది ఆ తేదీ దాటిపోయాకే డబ్బా తెరుస్తారు.